పంచె కట్టుకునే విధానం: కొలత, కచ్చ, కుచ్చిళ్లు

పంచెకు కుట్టు లేదు, గుండీ లేదు, నాడా లేదు. నడుము చుట్టూ బట్ట పట్టే బిగువు, కుచ్చిళ్ల బరువు, దోపిన చోట పోగుకూ పోగుకూ మధ్య ఉండే రాపిడి, ఈ మూడూ కలిసి దానిని ఒంటిమీద నిలబెడతాయి. ఈ సంగతి అర్థమైతే పంచెకట్టు చాలా తొందరగా వస్తుంది. అర్థం కాకపోతే ఎంత పెద్ద బెల్టు పెట్టుకున్నా పంచె జారుతూనే ఉంటుంది, కట్టుకున్నవారి చేయి నడుము మీదినుంచి కదలదు. పెళ్లి ముహూర్తానికి గంట ముందు పురోహితుడినో పెదనాన్ననో వెతుక్కునే యువకులు ఇప్పుడు ప్రతి ఇంటా ఉన్నారు. ఆ అవసరం లేకుండా ఎవరి పంచె వారే కట్టుకోగలగాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. వెల్‌క్రో అతికించి, జేబులు కుట్టి అమ్మే తయారు పంచెలు అంగళ్లలో దొరుకుతున్నాయి కానీ వాటిని నేను సిఫారసు చేయను. వాటిలో కుచ్చిళ్లు ఒకే చోట కుట్టి ఉంటాయి కాబట్టి కూర్చున్నప్పుడు ఒంటితోపాటు కదలవు, పైగా నడుము కొలత బాగా మారితే అవి పనికిరావు. అసలు పంచె తాతకూ మనవడికీ ఒకే విధంగా సరిపోతుంది.

ముందుగా కొనేటప్పుడు వినిపించే మాటలు తెలిసి ఉండాలి. కోస్తాలోనూ రాయలసీమలోనూ పంచె, పంచ అంటారు. తెలంగాణలో ధోతి అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. శుభలేఖల్లోనూ పూజా విధానాల్లోనూ ధోవతి అని రాస్తారు. నడుముకు కట్టేదీ భుజాన వేసుకునేదీ కలిపి ఒక జతగా నేసినదాన్ని పంచెల చాపు అంటారు. భుజాన వేసుకునేది ఉత్తరీయం, పైపంచె లేదా కండువా. అంగట్లో చాపుల కొలతను మూరల్లోనే చెబుతారు. మూర అంటే 18 అంగుళాలు. 9×5 అని రాసి ఉంటే పంచె 9 మూరలు, ఉత్తరీయం 5 మూరలు అని అర్థం. 10×6 అంటే పంచె 10 మూరలు, ఉత్తరీయం 6 మూరలు. మీటర్లలో చెప్పుకుంటే 8 మూరలు సుమారు 3.66 మీటర్లు, 9 మూరలు 4.11, 10 మూరలు 4.57. వెడల్పు, అంటే పై అంచు నుంచి కింది అంచు వరకు ఉండే పన్నా, సాధారణంగా 50 అంగుళాలకు అటూఇటూగా ఉంటుంది.

ఏ కొలత ఎవరికి సరిపోతుందన్నది నడుమును బట్టి ఉంటుంది. గోచి పోసి, అంటే ఒక చెంగును కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసి దోపి కట్టాలంటే సన్నని నడుము ఉన్నవారికి 8 మూరలు చాలు. 36 అంగుళాలు దాటిన వారు 9 మూరలు తీసుకోవడం మంచిది. భారీ శరీరం ఉన్నవారికీ, ఆరడుగులకు దగ్గరగా ఉన్నవారికీ 10 మూరలు కావాలి. ఇక్కడ పొదుపు చేయవద్దు. బట్ట తక్కువైతే వెనక్కి పోయే కచ్చకు పొడవు చాలదు, దాన్ని లాగి దోపితే ముందరి కుచ్చిళ్లు మూడుకో నాలుగుకో పడిపోతాయి, అప్పుడు పంచెకట్టుకు నిండుదనం రాదు. నాలుగు మూరల ఒంటి పంచె అడ్డకట్టుకు, అంటే గోచి లేకుండా నడుముకు చుట్టుకునే కట్టుకు మాత్రమే పనికివస్తుంది. అందుకే కొనేముందు ఏ కట్టుకోసమో చెప్పి అడగాలి.

బట్ట విషయానికి వస్తే, నేర్చుకునేవారు నూలు పంచెతోనే మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. పట్టు నున్నగా ఉండి దోపిన చోటునుంచి జారుతుంది. పాలియెస్టర్ కలిసిన బట్ట కుచ్చిళ్లకు లొంగదు, వేసిన మడత వేసినట్టే విడిపోతుంది. నూలులోనూ ఒకటి రెండుసార్లు ఉతికినది మేలు, ఎందుకంటే కొత్త పంచెకు మగ్గం దగ్గర పట్టించిన గంజి బిరుసుగా ఉండి ముడి కూర్చోదు. మన రెండు రాష్ట్రాల్లోనూ మంచి పంచెలకు లోటు లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, పొట్టూ చెత్తా తీసి, చేతి రాట్నం మీద సన్నని నూలు వడికి నేసే ఖద్దరు పంచెలకు గాంధీజీ కాలం నుంచి పేరుంది. ఆ బట్ట పలుచగా ఉన్నా నడుము దగ్గర గట్టిగా పట్టుకుంటుంది, చెమటను పీలుస్తుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. పంచెకట్టుకు ఇంతకంటె అనువైన బట్ట మరొకటి లేదని నా అభిప్రాయం. తూర్పు గోదావరి పులుగుర్త పంచెలూ, మంగళగిరి నూలు పంచెలూ రోజువారీ వాడకానికి బాగుంటాయి. గద్వాల నేతగాళ్లు నియమనిష్ఠలతో నేసే ఏరువాడ జోడు పంచెలను ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు సమర్పిస్తారు. గద్వాల సంస్థానం నాటి ఆ ఆచారం ఇప్పటికీ సాగుతోంది.

మరమగ్గం బట్టను చేనేత అని అమ్మేవారు ఉన్నారు కాబట్టి కొంచెం పరిశీలించాలి. చేనేతకు మాత్రమే కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం కింద ఉన్న 11 రకాల వస్త్రాల జాబితాలో పంచె కూడా ఉంది. 2006 నుంచి ఇస్తున్న చేనేత గుర్తు (హ్యాండ్‌లూమ్ మార్క్) చీటీ ఉంటే మరీ మంచిది. చీటీ లేకపోయినా, అంచు పక్కన వరుసగా కనిపించే సన్నని సూది రంధ్రాలను చూసి పోల్చుకోవచ్చు. నేసేటప్పుడు పన్నా లోపలికి గుంజుకుపోకుండా రెండువైపులా పట్టి ఉంచే బద్ద మొనల గుర్తులు అవి.

ఇక కట్టు. మొదట తేలికైన అడ్డకట్టు చెప్పుకుందాం. నాలుగు మూరల పంచెను గానీ, ఎనిమిది మూరల పంచెను రెండు మడతలు వేసి గానీ వాడవచ్చు. పలుచని పంచెను రెండు మడతలు వేయడమే మర్యాద. పాదాలను జానెడున్నర దూరంలో ఉంచి నిలబడి, పంచెను వెనుకనుంచి నడుము చుట్టూ తెచ్చి, ఎడమ కొసను కుడి తుంటి మీదికి, దానిపైన కుడి కొసను ఎడమ తుంటి మీదికి లాగి, పై అంచును రెండుసార్లు బయటికి మెలితిప్పి దోపాలి. పాదాలు దగ్గరగా పెట్టుకుని కడితే నడిచేటప్పుడు అడుగు పడదు. పొలం పనికో మెట్లెక్కడానికో కింది అంచును మోకాళ్ల పైకి మడిచి నడుము దగ్గర దోపడాన్ని ఎగ్గట్టడం అంటారు. పెద్దలు ఎదురైనప్పుడూ గుడిలోకి వెళ్లేటప్పుడూ ఎగ్గట్టిన పంచెను దించడం మన పల్లెల్లో ఇప్పటికీ పాటించే మర్యాద. అడ్డకట్టు గురించి ఇంతకంటె చెప్పవలసింది లేదు.

గోచి పోసి కట్టే పద్ధతికి కొంత ఓపిక కావాలి. లోపల మోకాళ్ల పైవరకు ఉండే నూలు నిక్కరు వేసుకుని, మొలతాడు ఉంటే దానిని నడుము మీద సరిచేసుకుని మొదలుపెట్టండి. పంచెను పొడవుగా విప్పి వీపు వెనుక రెండు చేతులతో పట్టుకోవాలి. సగభాగం కుడివైపు, సగభాగం ఎడమవైపు వచ్చేలా మధ్యభాగం వెన్నెముక మీద ఉండాలి. కింది అంచు చీలమండను తాకేటట్టు ఎత్తు చూసుకుని, పైన మిగిలిన పన్నాను లోపలివైపు మడిచివేయాలి. ఈ మడత నడుము దగ్గర బట్టను రెండు పొరలు చేస్తుంది, తర్వాత దోపినవన్నీ ఆ పొరల మధ్య చిక్కుకుని నిలుస్తాయి. పొట్టిగా ఉన్నవారు మడత పెద్దదిగా, పొడవుగా ఉన్నవారు చిన్నదిగా వేసుకుంటారు, అంతే తేడా.

ఇప్పుడు రెండు వైపులనూ ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర గట్టిగా లాగి పట్టుకోండి. కుడివైపు నుంచీ ఎడమవైపు నుంచీ పై అంచును బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల మేర గుప్పిట్లోకి తీసుకుని, ఒకదానిపై ఒకటి తిప్పి ఒంటిముడి వేయాలి. రెండో ముడి అక్కరలేదు. అది ఉబ్బెత్తుగా కనిపించడమే కాక, భోజనం చేశాక పొట్టను నొక్కుతుంది. ఊపిరి బిగబట్టి ముడి వేయవద్దు, మామూలుగా ఊపిరి వదిలిన స్థితిలో వేయండి. ముడి పడిన తరువాత పంచెను రెండు చేతులతో కిందికి లాగి చూడాలి. నడుము దగ్గర బట్ట కదలకపోతే సగం పని పూర్తయినట్టే. కదిలితే ముందుకు వెళ్లకుండా ముడి విప్పి మళ్లీ వేయండి. తరువాతి దోపుళ్లన్నీ ఈ బిగువు మీదనే ఆధారపడతాయి. వదులు ముడిపైన ఎంత అందంగా కుచ్చిళ్లు పెట్టినా ఆ పంచె విందు దాకా నిలవదు.

ముడికి ఎడమవైపు వేలాడే భాగంతో గోచి పోస్తారు. ఎక్కువ ఇళ్లలో ఎడమభాగమే వెనక్కి వెళ్తుంది, కుడిభాగం ముందు కుచ్చిళ్లవుతుంది. ఎడమభాగం చివర, అంటే చెంగును, చేతిలోకి తీసుకుని కింది అంచునుంచి మొదలుపెట్టి పై అంచుదాకా బెత్తెడు వెడల్పు మడతలు వేయండి. అంచు అన్నింటికంటె పైకి, బయటివైపు కనిపించేలా ఉండాలి. మడతలన్నీ కలిసి ఒక పొడవైన పట్టీలా తయారవుతాయి. ఆ పట్టీని కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసుకుని, మడతలు చెదరకుండా పైకి లాగి, సరిగ్గా వెన్నెముక మీద నడుము పొరల మధ్య లోతుగా దోపాలి. మొలతాడు ఉన్నవారు దాని కిందినుంచి తీసి దోపితే మరింత భద్రం. ఇదే కచ్చ. కచ్చను మరీ బిగించి దోపకూడదు. నిలబడి ఉన్నప్పుడు ఒక పిడికిలి పట్టేంత వదులు ఉంటేనే కింద బాసీపట్టు వేసుకుని కూర్చోగలరు. పంచె వెనుక చిరిగినదంటే పది సందర్భాల్లో తొమ్మిదింటికి కారణం ఈ బిగింపే. కచ్చ దోపిన తరువాత ఎడమకాలు చుట్టూ బట్ట సర్ది, పిక్క మీదుగా అంచు వాలుగా పైకి వెళ్లేటట్టు చూసుకోండి. అంచు ముడతపడితే పట్టీని లాగకండి, పిక్క దగ్గర బట్టను వేళ్లతో దువ్వినట్టు సవరిస్తే చాలు.

కుడిభాగం ఇప్పుడు ముందు మిగిలి ఉంటుంది. దానిని పక్కకు చాచి, చెంగునుంచి మొదలుపెట్టి ఒంటివైపు వస్తూ, నిలువుగా బెత్తెడు వెడల్పు కుచ్చిళ్లు పెట్టాలి. చీర కుచ్చిళ్లు పెట్టడం చూసినవారికి ఇది కొత్తగా ఉండదు. పై అంచుల వద్ద కుచ్చిళ్లన్నీ సమానంగా ఉండేలా చూసుకుని, ఎడమచేతితో పట్టుకుని, కుడిచేతితో కింది అంచులను ఒక్కసారి విదిలిస్తే మడతలు వాటంతటవే వరుసలోకి వస్తాయి. అన్నింటినీ కలిపి బొడ్డు దగ్గర ముడిపైన దోపాలి. కుచ్చిళ్ల కొసలు కాలి బొటనవేలి పైన ఆగాలి, నేలను తాకకూడదు. తాకుతున్నాయంటే పైన ఇంకొంచెం లోతుగా దోపండి. వాటిని కింద మడవవద్దు. రోజువారీ పంచెకట్టు ఇక్కడితో పూర్తవుతుంది.

దేవకార్యాలకు, పితృకార్యాలకు పంచకచ్చం కావాలంటారు. ఐదు చోట్ల దోపితే అది పంచకచ్చం: నాభి దగ్గర రెండు, రెండు పక్కల ఒక్కొక్కటి, వెనుక ఒకటి. ఇందులో వెనుక కచ్చ, నాభి దగ్గర మొదటి దోపు పైన చెప్పినవే. నాభి దగ్గర రెండోదానికి, వేలాడుతున్న కుచ్చిళ్లలో పైమడత కింది అంచును పట్టుకుని పైకి తెచ్చి, చిన్న మడతలు వేసి మొదటి దోపు పక్కనే దోపుతారు. దీనివల్ల కుచ్చిళ్లు విసనకర్ర ఆకారంలో విచ్చుకుంటాయి, అంచు ముందుభాగంలో ఏటవాలుగా కనిపిస్తుంది. పక్కల రెండింటికీ కుడి, ఎడమ తుంటుల దగ్గర వదులుగా ఉన్న బట్టను కొంచెం పైకి లాగి నడుములోకి దోపుతారు. పక్క దోపుళ్లను అలంకారంగా భావించి వదిలేసేవారు ఉన్నారు కానీ అది పొరపాటు. కింద కూర్చుని లేచినప్పుడు ముడిమీద పడే లాగుడును ఆ రెండే పంచుకుంటాయి. గంటల తరబడి పీటమీద కూర్చునే పురోహితుల పంచె నలిగినా జారకపోవడానికి కారణం అదే.

కట్టిన వెంటనే బయటికి రాకుండా నాలుగు అడుగులు వేయండి. బాసీపట్టు వేసుకుని కూర్చుని, చేతి ఆసరా లేకుండా లేవండి, రెండు మెట్లు ఎక్కి దిగండి. జారేదైతే అప్పుడే జారుతుంది. సరిగ్గా కట్టిన గోచి కాళ్లకు అడ్డు రాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,500 కిలోమీటర్లు పాదయాత్ర చేసినది పంచెకట్టులోనే. పంచె నడకకు పనికిరాదనేవారు ఎండాకాలంలో మైలు దూరం పంచెతోనూ, మైలు దూరం బిగుతు జీన్సుతోనూ నడిచి చూడాలి.

పట్టు పంచె కట్టేటప్పుడు ఒక జాగ్రత్త అదనం. పట్టు జారుడును తట్టుకోవడానికి, ముడి వేసిన తరువాత దానిమీదుగా సన్నని నూలు నాడాను నడుము చుట్టూ ఒక చుట్టు వేసి, ఆపైన కచ్చ, కుచ్చిళ్లు దోపుకోవచ్చు. దోపుళ్లు నాడాను కప్పేస్తాయి. కచ్చలోనూ కుచ్చిళ్లలోనూ ఎక్కడా పిన్నీసు వాడవద్దు. జరీ పోగు ఒకటి తెగితే అంచంతా లేచిపోతుంది. పెళ్లిపీటల మీద కట్టే ఎర్రంచు మధుపర్కాలు నూలువే కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు కానీ, అవి కొత్తవి, గంజితో బిరుసుగా ఉంటాయి. ముందురోజే విప్పి, చేత్తో నలిపి, నీడన ఆరవేస్తే ముడికి లొంగుతాయి. కొత్త పంచె ఏదైనా కట్టే ముందు మూలలకు పసుపు పెట్టడం మన ఆచారం. పట్టుకైతే జరీ అంచుకు దూరంగా, ఒక్క చుక్క పెడితే చాలు.

ఉత్తరీయాన్ని పొడవుగా మూడు నాలుగు మడతలు వేసి, అంచు బయటికి కనిపించేలా ఎడమ భుజాన వేసుకోవడం సభలకూ విందులకూ పద్ధతి. పూజకు కూర్చున్నప్పుడు ఎడమ భుజం మీదుగా తెచ్చి కుడి చంక కిందినుంచి తీసుకుంటారు. సాష్టాంగ నమస్కారం చేసేటప్పుడు నడుముకు చుట్టుకుంటారు. తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్లేవారు సంప్రదాయ దుస్తుల్లోనే రావాలన్న నియమం ఉంది కాబట్టి, అక్కడికి వెళ్లేవారు బయలుదేరే ముందు ఇంట్లోనే రెండుసార్లు కట్టి చూసుకోవడం మంచిది. రద్దీలో, తడి నేలమీద నిలబడి మొదటిసారి కట్టడం కష్టం.

పిల్లలకు పంచెకట్టు వేడుక చేసే ఇళ్లలో పెద్దల పంచెనే నాలుగు మడతలు వేసి చుట్టబెట్టడం చూస్తుంటాం. పిల్లవాడు ఆ బరువుకు రోజంతా అవస్థ పడతాడు. ఆరు మూరల నూలు పంచెను, పన్నా తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుంటే వాడికి పరుగెత్తడానికి కూడా వీలుంటుంది. మేనమామ తెచ్చే పట్టు బట్టలను పీటమీద కూర్చున్నంతసేపు ఉంచి, తరువాత నూలులోకి మార్చితే సరిపోతుంది.

ఉతకడం గురించి నాలుగు మాటలు. చేనేత నూలు పంచెను మొదటిసారి విడిగా చన్నీళ్లలో నానబెట్టాలి. అది కొంత కుదించుకుపోతుంది, అంచు రంగు దిగేదైతే అప్పుడే తెలుస్తుంది. తరువాత పలుచని గంజి పెట్టి, నీళ్లు గట్టిగా పిండకుండా, దండెం మీద అంచులు సమానంగా ఉండేలా ఆరవేస్తే ఇస్త్రీ అవసరం చాలావరకు తగ్గుతుంది. గంజి చిక్కగా పెడితే మడతల దగ్గర పోగులు విరుగుతాయి, కచ్చ గుచ్చుకుంటుంది. పట్టు పంచెను కట్టి విప్పిన వెంటనే మడవకుండా, చెమట ఆరేవరకు నీడన గాలికి వేయాలి. దానిమీద అత్తరు గానీ సెంటు గానీ నేరుగా చల్లకూడదు. జరీ నల్లబడుతుంది. పాత నూలుబట్టలో చుట్టి పెట్టెలో పెట్టి, రెండు మూడు నెలలకొకసారి తీసి, పాత మడత మీద కాకుండా వేరే చోట మడిచి మళ్లీ పెట్టాలి.